రెండు తలుపుల దొరసాని

జూన్ 3, మంగళవారం

ఈ డైరీ జనవరిలో డిపోలో అందరికీ పంచారు. ఇన్నాళ్లూ దీని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాను. ఈ రోజు నుంచి రాస్తాను, ఎందుకంటే చేతులకు పని లేదు. ఇరవై ఏడేళ్లు బస్సు స్టీరింగ్ పట్టిన చేతులు. ఖాళీగా ఉంటే ఏం చేయాలో వాటికే తెలియడం లేదు. పొద్దున ఉప్మా తింటూ ఎడమ చేత్తో గేరు వేశాను, నీళ్ల చెంబు పడిపోయింది.

నిన్న హైదరాబాద్ దవాఖానలో కంటి పరీక్ష చేశారు. అక్షరాల బోర్డు చివరి వరస దాకా గడగడా చదివాను. అది ఎవరికీ పట్టలేదు. ఒక గిన్నె లాంటి మిషన్లో గడ్డం పెట్టమన్నారు. లోపల చుక్కల్లా లైట్లు వెలుగుతాయి, కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. కుడి వైపు టకటకా నొక్కాను. ఎడమ వైపు ఒక్కటీ వెలగలేదు. అక్కడున్న అమ్మాయితో, మీ మిషన్లో ఎడమ దిక్కు బల్బులు మాడిపోయినట్టున్నాయి, చూపించుకోండి అన్నాను. ఆమె నవ్వలేదు.

డాక్టరు నాకు పక్క చూపు తగ్గిందన్నాడు. కంట్లో వేసుకునే చుక్కల మందు రాశాడు. ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష, అప్పటిదాకా స్టీరింగ్ ముట్టొద్దు, బస్సుదే కాదు, దేనిదీ ముట్టొద్దు. అప్పుడూ ఇలాగే ఉంటే ఇక జన్మలో ముట్టొద్దు. పక్క చూపట. బస్సు ముందుకు పోతుందా, పక్కకు పోతుందా?

ఇంకో సంగతి. నన్ను పరీక్షకు పంపడానికి కారణం ఎవరో నా మీద చెప్పడమేనట. మేనేజర్ నోరు జారాడు. ఎవరని అడిగితే ఫైలు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ మనిషి ఎవరో కనిపెట్టకపోతే నా పేరు మత్తయి కాదు.

జూన్ 5

నన్ను నారాయణఖేడ్ బస్టాండ్‌లో మైకు దగ్గర కూర్చోబెట్టారు. "జహీరాబాద్ పోవు బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫాం మీద ఉన్నది" అని చెప్పాలి. అది నా బస్సు. సుధాకర్ నడుపుతున్నాడు. డిపోలో చేరి నాలుగేళ్లయినా కాలేదు, అప్పుడే నల్లద్దాలు. నన్ను చూసి హారన్ కొట్టి చెయ్యి ఊపాడు.

నా మీద చెప్పింది వీడే. అనుమానం లేదు.

మధ్యాహ్నం ట్రిప్పుకు నాలుగో నంబరు ప్లాట్‌ఫాం అని చెప్పాను. నలభై మంది ఆడవాళ్లు సంచులతో అటు ఉరికి, మళ్లీ ఇటు ఉరికారు. వాళ్లందరూ నన్నే తిట్టారు, సుధాకర్‌ను ఒక్కరూ తిట్టలేదు. ఇది మళ్లీ చేయకూడదు.

జూన్ 6

లిదియా నా భార్య, నా బస్సు కండక్టర్ కూడా. ఇరవై ఆరేళ్లుగా డిపోలో భార్యాభర్తలం ఒకే బస్సు మీద ఉన్నది మేమిద్దరమే. ఇప్పుడు ఆమె సుధాకర్‌తో పోతోంది. సాయంత్రం వచ్చాక, ఎట్లా నడుపుతున్నాడని అడిగాను. మంచిగనే నడుపుతుండు అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పైగా ఈ రోజు ఆమె తన సీట్లో కూర్చుని పోయిందట. నా బస్సులో కూర్చునేది కాదు. పోయిన ఏడాది నుంచి నా పక్కన, ముందు తలుపు దగ్గర నిలబడి ఒకటే వాగుడు. బైకొస్తుంది, మేకలున్నయ్, ముసలామె దిగుతుంది, ఆగు, ఆగు, హోల్డాన్. నాకు తెలియదా? ఏప్రిల్‌లో రాయికోడ్ దగ్గర గొంతు చించుకుని అరిచింది. బస్సు ఆపి చూస్తే ఏమీ లేదు. వయసు మీద పడితే ఆడవాళ్లకు మాటలు పెరుగుతాయని ఊరుకున్నాను.

జూన్ 8, ఆదివారం

చర్చిలో పాస్టర్ గారు సహనం మీద చెప్పారు. నేను కారు కొనడం గురించి ఆలోచించాను.

ఇది కొత్త పిచ్చి కాదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు జహీరాబాద్ చౌరస్తాలో మా బస్సు పక్కన ఒక ఎర్ర కారు ఆగింది. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. లోపల ఒక ముసలాయన, ఒక ముసలామె. ఇద్దరూ టోపీలు పెట్టుకుని పల్లీలు తింటున్నారు. దారి ఖాళీ అయ్యాక ముంబై బోర్డు వైపు మెల్లగా వెళ్లిపోయారు. నేను బస్టాండ్‌లోకి తిప్పాను. అప్పుడు లిదియా అంది, "యాడికి పోతుండ్రో ఏమో గానీ, వాళ్లకు తొందరేం లేదు."

ఇన్నేళ్లలో ఆ బోర్డు వైపు నేను ఒక్కసారీ తిప్పలేదు.

అలాంటి కార్లను గ్రాండ్ టూరర్లంటారట. ఫోన్‌లో ఒకాయన అరగంట చెప్పాడు. నాకు అర్థమైంది ఇంతే: ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు, పొద్దున ఎక్కి సాయంత్రం దిగితే నడుం పట్టేయకూడదు. నేనూ టూరింగే చేశాను, అరవై మంది మనుషులతో, నలభై మూటలతో, సీటు కింద మేకపిల్లతో. గ్రాండ్ మాత్రం తగల్లేదు.

కూతురు రోజ సంగారెడ్డిలో నర్సుగా స్థిరపడింది. నా దగ్గర మూడు లక్షలున్నాయి. ఆ ఆరు వారాలు తీరేలోపే కొనాలి. ఎందుకంటే ఆ తర్వాత మళ్లీ పరీక్ష ఉంది. ఆ తర్వాత ఏముంటుందో రాయను. బల్బులు మారుస్తారు, అంతే.

జూన్ 11

మూడు లక్షలకు గ్రాండ్ టూరర్ కావాలంటే ప్రపంచమంతా నవ్వుతోంది. కొత్తవాటి రేట్లు చూస్తే ఒక్క తలుపు కూడా రాదు. పాతవాటిలో రెండు రకాలున్నాయి. అందంగా ఉండి నడవనివి, నడుస్తూ అందంగా లేనివి. మొదటి రకం చూడమని నాగయ్యకు చెప్పాను.

నాగయ్య మా డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంజిన్ చప్పుడు విని రోగం చెబుతాడు, మనుషుల విషయంలో మాత్రం ఎప్పుడూ తప్పే. ఏడు సీట్ల బండి కొనుక్కోమన్నాడు, చుట్టాలందరినీ తిప్పొచ్చట. చుట్టాలను తిప్పకూడదనే రెండు తలుపులది అడుగుతున్నానని చెప్పాను. ఇరవై ఏడేళ్లు ఊరందరినీ తిప్పాను, ఇక నేనూ లిదియా తిరుగుతామన్నాను. మరి కళ్ల సంగతి ఏమైందని అడిగాడు. బల్బుల కథ చెప్పాను. అతనూ నవ్వలేదు.

జూన్ 15

నాగయ్యతో బీదర్ పోయాను, బస్సులో. నీలం రంగు కారు, అద్దంలా మెరుస్తోంది. డాక్టరు గారి బండి, ఆదివారాలు తప్ప బయటికి తీయలేదని అమ్మేవాడు ప్రమాణం చేశాడు. నాగయ్య కింద పరిచిన కార్పెట్ లేపాడు. ఎండిన బురద, అందులో ఒక నత్తగుల్ల.

"ఇది రోడ్డు మీద కన్న నీళ్లల్ల ఎక్కువ తిరిగిందన్నా" అన్నాడు.

వస్తూ జహీరాబాద్‌లో ఇంకోటి చూశాం. రెండు తలుపులే, కానీ ఎక్కడో తేడాగా ఉంది. చేత్తో తడిమితే తెలిసింది, అసలు నాలుగు తలుపుల బండి. వెనకవి రెండూ వెల్డింగ్ చేసి రంగు పూశారు. అమ్మేవాడికి అందులో సిగ్గేమీ లేదు.

బస్టాండ్‌లో ఎవడో మోటార్ సైకిల్ వాడు దాదాపు నా కాలి మీదికి ఎక్కించాడు. ఎడమ వైపు నుంచి వచ్చాడు. ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో. ఈ మధ్య అందరూ ఇలాగే ఊడిపడుతున్నారు.

జూన్ 18

చుక్కల మందు వేసుకోవడం మూడు రోజులు మరిచిపోయాను. లిదియా పట్టుకుని మరీ వేసింది.

జూన్ 22, ఆదివారం

దొరికింది.

మనూర్ దగ్గర సంగమేశ్వర్ పటేల్ కొట్టంలో ఉంది. రోడ్డు కింద పొలం పోతే వచ్చిన పైసలతో ఎప్పుడో హైదరాబాద్‌లో కొన్నాడట. ముదురు ఎరుపు, పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. ఇంటికి తెచ్చిన రోజే ఆయన భార్య ఇంద్రమ్మ, ముందు సీటు వంచి వెనక్కి దూరడానికి నేనేమన్నా మేకనా అని కోప్పడింది. మరి ముందు కూర్చోవచ్చు కదా అంటే, ముందు ఆయన తల్లి కూర్చునేదట. బండి కొట్టంలోకి పోయింది. పైన గడ్డి మోపులు, లోపల వెనక సీటు మీద గంపలో ఒక కోడి పొదుగుతోంది.

నాగయ్య కింద దూరి, పైన దూరి, గంట తర్వాత బయటికి వచ్చి బ్యాటరీ, టైర్లు, నూనెలు మారిస్తే చాలన్నాడు. ఇంజిన్ స్టార్ట్ చేయగానే నేను వంగి చెవి పెట్టాను. బస్సు ఇంజిన్ అరుస్తుంది. ఇది మాట్లాడింది.

పేరు దొరసాని అని పెట్టాను. కంపెనీ పేరు ఇక్కడ కూడా రాయను. క్రిస్టియన్‌నే గానీ దిష్టి దిష్టే.

పటేల్ మూడున్నర అన్నాడు. బతిమాలితే, టైర్లు వేయించుకుని వారం తర్వాత ఒకసారి నడిపి చూసుకోమన్నాడు. లిదియాకు చెప్పలేదు. కొన్నాక చెబితే చాలు.

జూన్ 24

సుధాకర్ పొద్దున ఒక చాయ్ పంపించాడు. తాగలేదు. చల్లారాక తాగాను.

జూన్ 29, ఆదివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

చర్చి అయ్యాక లిదియా డ్యూటీకి పోయింది. నేను మనూర్ పోయాను. కోడి ఉన్న సీటును కదపొద్దని ఇంద్రమ్మ చెప్పింది. అయినా కోడిని గంపతో సహా దించి, దొరసానిని బయటికి తీశాను. డాక్టరు మాట గుర్తుంది. గుర్తుండీ తీశాను, అదీ రాస్తున్నాను. రోడ్డు ఖాళీగా ఉంది. మూడో గేరులో ఆ బండి ముందుకు జారిన తీరుకు నేను ఒక్కడినే పిచ్చోడిలా నవ్వుకున్నాను. నాలుగు వారాలు కాదు, నాలుగేళ్ల తర్వాత బతికినట్టయింది.

బోరంచ స్టేజీ రాగానే బండి ఆగిపోయింది. నేను ఆపలేదు, నా కాలు ఆపింది. ఇరవై ఏడేళ్లుగా అక్కడ ఆపుతోంది. అక్కడ కిష్టవ్వ నిలబడి ఉంది, మా బస్సులో రోజూ వచ్చే ముసలామె. చంకలో ఒక పుంజు, నల్లపోచమ్మ మొక్కుకు. తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది, పుంజును ఒళ్లో పెట్టుకుంది, కొంగుముడి విప్పి ఆధార్ కార్డు తీసి చూపించింది.

"బస్సు గింత చిన్నగైందేంది మత్తయ్యా?" అంది.

బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఇక్కడ అక్కరలేదని చెప్పి, గుడి దాకా దింపుతానన్నాను. కారు బాగుందని పొగిడింది. ఆ పొగడ్తకు యాక్సిలేటర్ ఇంకాస్త నొక్కాను. అంతలో ఆమె మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"ఎడమ దిక్కు, ఎడమ దిక్కు. సైకిల్."

బ్రేకు తొక్కాను. పుంజు ఎగిరి అద్దానికి తగిలింది. గడ్డి మోపు కట్టుకున్న సైకిలు మనిషి పక్క గుంతలోకి దొర్లాడు. దిగి లేపాను. మోకాలు గీసుకుపోయింది, అంతే. గడ్డి మోపు మెత్తగా ఉండి బతికించింది. ఎక్కడి నుంచి ఊడిపడ్డావయ్యా అని అడిగాను. ఎక్కడి నుంచీ లేదట. బోరంచ నుంచి ఆ పక్కనే, మీ ముందే తొక్కుకుంటూ పోతున్నానన్నాడు. అంత పెద్ద గడ్డి మోపు, అంత పెద్ద మనిషి.

మళ్లీ బండి ఎక్కాక కిష్టవ్వ పుంజు ఈకలు సవరిస్తూ మామూలుగా అంది. "నీకు ఎడమ దిక్కు కనపడదని మాకందరికి ఎరుకనే గద బిడ్డా. అందుకేనాయె నీ పెండ్లాం బస్సుల నిలవడి అన్నీ చెప్పేది."

గుడి దగ్గర దింపాను. అక్కడి నుంచి పటేల్ ఇంటిదాకా మొదటి గేరులోనే పోయాను. ప్రతి పది గజాలకు తల ఎడమకు తిప్పి చూసుకుంటూ పోయాను.

జూన్ 30

నిన్న ఇంకా ఉంది, రాయలేకపోయాను.

లిదియా వచ్చి ఖాకీ అంగీ విప్పి మడతపెడుతుంటే అడిగాను, ఏడాదిగా నిలబడి వాగింది అందుకేనా అని. అవునంది. ఆ తర్వాత నేను అడగని దానికి కూడా జవాబు చెప్పింది.

"మేనేజర్ సార్‌కు చెప్పింది గూడ నేనే. సుధాకర్ కాదు, ఇంకెవ్వలు కాదు."

నేను లేచి నిలబడ్డాను. ఆమె మడతపెట్టడం ఆపలేదు.

"రాయికోడ్ కాడ అరిచిన యాదికున్నదా? ఏం లేదన్నవు నువ్వు. సంటిపిల్లనెత్తుకొని ఒకామె దిగి ముందు టైరు పక్కకెళ్లి పోతుండె. జానెడు దూరం. నేను అరవంగనే ఎనుకకు దుంకింది. నువ్వు దిగి చూసేటాలకు పోయింది. ఆ పొద్దు నేను బువ్వ తినలే. ఇగ నాతోటి కాదనుకున్న."

మరి ఏడాది పాటు నాకు ఎందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే ఇంట్ల కూసుంటవ్. ఇంట్ల కూసున్న నిన్ను నేనెన్నడు చూడలే. భయమైంది."

నేను చాలా అన్నాను. నా అన్నం మీద మన్ను పోశావన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, అది ఇక్కడ రాయను. ఆమె అంతా విని, నువ్వు ఈ పొద్దు పటేల్ కారు నడిపినవట కదా అంది. కిష్టవ్వ సాయంత్రం బస్సులో మొత్తం చెప్పేసిందట, పుంజు అద్దానికి తగిలిన దాకా. డాక్టరు వద్దన్నాక నడిపావు, సైకిలాయనకు ఏమన్నా అయితే ఎవరు చెప్పుకోవాలి అంది. అప్పుడు మాత్రం ఆమె మడతపెట్టడం ఆపింది.

జూలై 1

మాట్లాడలేదు.

జూలై 2

మాట్లాడలేదు. చుక్కల మందు మాత్రం వేసింది. కళ్లు తెరువు అంటే మాట్లాడినట్టు కాదు.

జూలై 4

ఈ రోజంతా ఒకటే లెక్క తలలో తిరిగింది. ట్రిప్పుకు అరవై మంది. రోజుకు నాలుగు ట్రిప్పులు. ఏడాది. వాళ్లందరినీ నేను ఒకటిన్నర కన్నుతో తిప్పాను. వాళ్లు బతికింది నా డ్రైవింగ్ వల్ల కాదు, లిదియా నోటి వల్ల. ప్రమాదం లేని డ్రైవర్‌నని నాకు రెండేళ్ల కింద శాలువా కప్పారు. అది పెట్టెలో ఉంది. ఆ శాలువా చూస్తే సిగ్గుగా ఉంది.

కోపం ఎటు పోయిందో తెలియడం లేదు. ఉంటే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

సుధాకర్‌కు చాయ్ పంపాను. ఎందుకని అడిగాడు. తాగమన్నాను.

జూలై 14, సోమవారం

రెండో పరీక్ష అయింది. మిషన్లో అన్ని బల్బులూ బాగానే ఉన్నాయట.

జూలై 17

లిదియా సెలవు పెట్టి నాతో ఇంట్లో కూర్చుంది. ఇద్దరం ఏమీ చేయలేదు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది మందు వేసుకుంటే ఉంటుందని డాక్టరు చెప్పింది ఆమే మళ్లీ నాకు చెప్పింది. నేను మొదటిసారి విన్నట్టు విన్నాను. కాసేపు ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. అది మంచిదైంది.

సాయంత్రం ఈ ఎర్ర కారు గోల ఏందని అడిగింది. జహీరాబాద్ చౌరస్తా సంగతి చెప్పాను. ఆ ముసలివాళ్లు, టోపీలు, పల్లీలు. నాకు గుర్తే లేదు అంది. ఇన్నేళ్లు నేను మోసింది ఆమె మాట, ఆమెకే గుర్తు లేదు. నవ్వొచ్చింది.

మైకు డ్యూటీ పర్మినెంట్ చేస్తారట. పటేల్‌కు ఫోన్ చేసి బండి వద్దని చెప్పాలి. రేపు చేస్తాను.

జూలై 20, ఆదివారం

చేయలేదు.

జూలై 21

చేద్దామనుకుంటుండగా లిదియా మనూర్ నుంచి వచ్చింది. దొరసానిని కొని వచ్చింది.

ఆమె పటేల్‌తో మాట్లాడలేదట, నేరుగా ఇంద్రమ్మ దగ్గరికి పోయిందట. కండక్టర్‌తో బేరం ఆడి గెలిచినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. రెండు లక్షల డెబ్బైకి తేల్చింది. ఒక్కటే షరతు. ఆ గంపలో ఉన్న కోడి గుడ్లు పొదిగి, పిల్లలు బయటికొచ్చి నడిచేదాకా బండి కదలకూడదు. ఇప్పుడు రెండోసారి పొదుగుతోందట, మళ్లీ ఆ సీటులోనే. నా గ్రాండ్ టూరర్ డెలివరీ తేదీ ఒక కోడి చేతిలో ఉంది.

ఎవరు నడుపుతారని అడిగాను.

"బండి నా పేరు మీద కొన్న. నేనే నడుపుత. నువ్వు స్టీరింగ్ మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఇరగ్గొడ్త. నేర్పిస్తవా, నేర్పియ్యవా?"

ఇరవై ఆరేళ్లు నాకు ఎట్లా నడపాలో చెప్పిన మనిషి, ఇప్పుడు నేర్పమంటోంది. రేపు చెబుతానన్నాను. ఆ మాత్రం బెట్టు లేకపోతే మర్యాద ఉండదు.

ఆగస్టు 17, ఆదివారం

తొమ్మిది పిల్లలు. అన్నీ నడుస్తున్నాయి. దొరసాని ఇంటికి వచ్చింది, సుధాకర్ నడిపి తెచ్చాడు. వెనక సీటు వాసన పోవడానికి లిదియా మూడు రకాల సబ్బులు వాడింది. వాసన పోలేదు, సబ్బులు అయిపోయాయి.

ఆగస్టు 24

కాలేజీ గ్రౌండ్‌లో మొదటి పాఠం. లెర్నింగ్ లైసెన్స్ వచ్చింది, ముందూ వెనకా ఎర్రగా ఎల్ అతికించాం. పొడుగు ముక్కు మీద ఆ అక్షరం అతికిస్తూ దొరసానికి క్షమాపణ చెప్పుకున్నాను.

లిదియా ముందుకు చూడదు. లోపలి అద్దంలో వెనక సీటు చూస్తుంది, ఎవరైనా టికెట్ లేకుండా ఉన్నారేమోనని. సీటు ఖాళీ అని చెప్పాను. అలవాటు అంది. బోరంచ స్టేజీ దగ్గర నా కాలు చేసిన పని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇంకో తిక్క ఉంది. నేను "రైట్" అనకపోతే బండి కదలనివ్వదు. ఎందుకని అడిగితే, ఇరవై ఆరేళ్లు నేను చెప్తేనే నువ్వు కదిలినవ్, ఇప్పుడు నువ్వు చెప్పు అంది. మొదట చెప్పలేదు. ఇంజిన్ నడుస్తూ పది నిమిషాలు గ్రౌండ్ మధ్యలో కూర్చున్నాం. ఆడుకునేవాళ్లు చుట్టూ చేరారు. పెట్రోలు పోతోందని చెప్పాను.

"రైట్" అని.

సెప్టెంబర్ 7

క్లచ్ వదలడం వచ్చింది. నన్ను వదలడమే రాలేదు, ప్రతి తప్పుకూ నేనే కారణం. నాగయ్య వెనక సీట్లో కూర్చుని చూశాడు. అతన్ని దించడానికి ఇద్దరం లాగాల్సి వచ్చింది. ఇంద్రమ్మ చెప్పిన మేక మాట నిజమే అన్నాడు.

సెప్టెంబర్ 26

లిదియా సంగారెడ్డిలో టెస్ట్ పాసయింది. నేను బయట నిలబడి గోళ్లు కొరుక్కున్నాను. నా టెస్టుకు కూడా ఇంత భయపడలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

పాస్టర్ గారు బండి ముందు నిలబడి ప్రార్థన చేశారు. ఆయన కళ్లు మూసుకున్నప్పుడు నాగయ్య వంగి నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఆయన కళ్లు తెరిచి చూసి, ఏమీ చూడనట్టు ఆమెన్ అన్నారు. నేను "రైట్" అన్నాను. నిమ్మకాయలు నలిగాయి.

లిదియా నలభై దాటదు. గ్రాండ్ టూరింగ్ అంటే వంద దాటాలని ఫోన్‌లో వాడు చెప్పాడు. రాయికోడ్ దాటాక సుధాకర్ బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీలోంచి కిష్టవ్వ చెయ్యి ఊపింది. అరవై మంది, స్పీడ్ లాక్ ఉన్న బస్సు, నా దొరసానిని దాటిపోయింది. ఆ అవమానం ఇక్కడ రాసి మరిచిపోతాను.

ఎడమ పక్క వచ్చేవాటిని చూడడానికి నేను తల పూర్తిగా తిప్పి చూస్తున్నాను. ఆమె అడగలేదు. మేకలున్నయ్, బైకొస్తుంది, ముసలామె రోడ్డు దాటుతుంది అని చెబుతున్నాను. రాయికోడ్ స్టేజీ దగ్గర ఒకామె బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమేనో కాదో. నేను హోల్డాన్ అన్నాను. లిదియా ఆపింది. ఆమె నెమ్మదిగా రోడ్డు దాటి వెళ్లిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

జహీరాబాద్ చౌరస్తాలో లిదియా బండి పక్కకు తీసి, డాష్‌బోర్డు డబ్బాలోంచి ఒక పొట్లం తీసింది. పల్లీలు. నాకు గుర్తే లేదన్న మనిషి.

"యాడికి?" అంది.

ముంబై బోర్డు వైపు చూపించాను. అంత దూరం పోలేం కదా అంది. హుమ్నాబాద్ దాకా పోయి చాయ్ తాగి వద్దామన్నాను. లేటైతదేమో అంది. తొందరేం లేదన్నాను.

ఇరవై ఆరేళ్లు ఆమె నా ఎడమ పక్కనే ఉంది, బస్సులో కండక్టర్ జాగా అదే. ఆ పక్కది ఏదీ సరిగ్గా కనబడదని తేలిపోయింది కదా, అందులో ఆమె కూడా ఉంది. ఈ రోజు ఆమె నా కుడి పక్క కూర్చుంది. చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు, గేరు వేసినప్పుడల్లా కొరుక్కునే పెదవి, ఆ పెదవి మీద అంటుకున్న పల్లీ పొట్టు, అన్నీ కనబడ్డాయి. పొట్టు సంగతి చెప్పలేదు. హుమ్నాబాద్ దాకా చూస్తూ కూర్చున్నాను.